పక్కపక్కన కూర్చుని గీసుకుంటే

హైదరాబాదు పీజీ గదుల్లో ఉంటున్న పాతికేళ్ళ వాళ్ళందరికీ పేరుపేరునా ఫోన్ చేసి చెప్పాలనుంది. ఆదివారం పొద్దున్నే లేవండి. ఒక నోటుపుస్తకం, ఒక పెన్ను సంచిలో వేసుకోండి. మెట్రోనో సిటీబస్సో పట్టుకుని రండి. ఏదో ఒక పాత కట్టడం ముందు కొంతమంది ఫుట్‌పాత్ మీద బాసింపట్టు వేసుకుని బొమ్మలు గీసుకుంటూ కనిపిస్తారు. వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చోండి. ఇంకేం చెయ్యక్కర్లేదు, మిగిలింది దానంతటదే జరుగుతుంది!

దీన్ని స్కెచ్‌వాక్ అంటారట. అర్బన్ స్కెచర్స్ అని ప్రపంచమంతా ఉన్న ఒక బృందం, దానికి హైదరాబాదులోనూ మనుషులున్నారు. ఇంత మంచి సంగతి నేనుంటున్న ఊళ్ళోనే జరుగుతోందని నాకు ఈమధ్యే తెలిసింది. తెలిసిన దగ్గర్నుంచీ కనిపించిన వాళ్ళందరికీ చెబుతున్నాను. క్యాబ్ డ్రైవరుకి చెప్పాను, మా మేనేజరుకి చెప్పాను, రాజమండ్రిలో ఉన్న మా అమ్మకి రోజూ రాత్రి చెబుతున్నాను. అమెరికాలో సియాటెల్ పక్కన బెల్‌వ్యూలో ఉంటున్న నా స్నేహితుడికి అర్ధరాత్రి లేచి మరీ పెద్ద వాయిస్ మెసేజ్ పెట్టాను.

ఎందుకింత ఆరాటమంటే, మా గది సంగతి చెప్పాలి. కొండాపూర్‌లో త్రీ షేరింగ్. ఒకరిది అమెరికా షిఫ్టు, ఒకరిది పొద్దుటి షిఫ్టు, నాది ఇంటినుంచి పని. మా మధ్య గొడవల్లేవు, మాటలూ లేవు. ముగ్గురం మూడు మంచాల మీద మూడు గోడలకి ఆనుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఉంటాం. మెస్‌లో కంచం పట్టుకుని కూర్చుంటే ఎదుటివాళ్ళ కంచం పక్కన కూడా ఫోను నిలబెట్టి ఉంటుంది. రాత్రి ఇంటినుంచి ఫోనొస్తుంది. తిన్నావా, తిన్నా, ఏం కూర, పప్పు, సరే పడుకో. ఆ నాలుగు మాటలే ఆ రోజుకి నోరు తెరిచి మాట్లాడిన మాటలైన రోజులు చాలా ఉన్నాయి. ఇది నా ఒక్కరి కథ కాదని మాదాపూర్, గచ్చిబౌలి, అమీర్‌పేట హాస్టళ్ళలో ఉన్న ప్రతివాళ్ళకీ తెలుసు. జీతం ఉంది, ఏసీ ఉంది, వైఫై ఉంది, ఏదీ తక్కువ లేదు. అందుకే ఎవరికైనా చెప్పుకోవడానికి కూడా మొహమాటం. ఏం తక్కువైందని ఏడుస్తున్నావ్ అంటారేమోనని.

ఒంటరితనం ముసలివాళ్ళ బాధ అని మనకొక నమ్మకం. పిల్లలు అమెరికా వెళ్ళిపోతే పెద్దవాళ్ళు అరుగు మీద కూర్చుని పడే బాధ అని. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జూన్‌లో ఇచ్చిన నివేదిక చదివితే ఆ నమ్మకం కూలిపోయింది. భూమ్మీద ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు. 13 నుంచి 29 ఏళ్ళ వయసు వాళ్ళలో అయితే 17 నుంచి 21 శాతం దాకా ఉన్నారు. ఏటా 8,71,000 చావులకి దీంతో సంబంధం ఉందని ఆ నివేదిక లెక్కగట్టింది. బ్రిటన్ 2018లోనే దీనికోసం ఒక మంత్రిని పెట్టింది, 2021లో జపాన్ పెట్టింది. దేశాలకి దేశాలే కంగారు పడుతున్నాయి. మనమేమో రూములో లైటు తీసేసి, దుప్పట్లో రీల్స్ చూసుకుంటూ ఇదంతా మన ఒక్కరి లోపమే అనుకుంటున్నాం.

నేను వెళ్ళిన రోజు గీతలకి పెట్టుకున్న చోటు మొజంజాహీ మార్కెట్టు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో 1935లో కట్టారు, ఆయన రెండో కొడుకు మొజంజాహ్ పేరు పెట్టారు. నిలువెల్లా గ్రానైటు. చాలా ఏళ్ళు పాడుబడి ఉన్నదాన్ని బాగుచేసి 2020 ఆగస్టులో మళ్ళీ తెరిచారు. నాకు అంతవరకూ అదొక ఐస్‌క్రీమ్ తినే జాగా. సీతాఫలం కాలంలో ఆ ఐస్‌క్రీమ్ కోసం వచ్చి, తిని, ఒక సెల్ఫీ దిగి వెళ్ళిపోయే చోటు. ఆదివారం పొద్దున, దుకాణాలు ఇంకా పూర్తిగా తెరవకముందు, రోడ్డు మీద హారన్లు మొదలవకముందు దాని ముందు కూర్చుంటే అది వేరే కట్టడం.

ఎక్కడ కూర్చోవాలో తెలియక అంచున ఒక మెట్టు చూసుకుని కూర్చున్నాను. ఎవరూ లేచి వచ్చి పరిచయాలు చెయ్యలేదు. మీరేం చేస్తుంటారు, ఏ కంపెనీ, ప్యాకేజీ ఎంత, ఏ జిల్లా, ఏమిట్లు అని ఎవరూ అడగలేదు. ఆ అడగకపోవడం ఎంత హాయిగా ఉంటుందో! కొత్త మనుషుల మధ్యకి వెళ్ళాలంటే నాకుండే భయమంతా ఆ ప్రశ్నలదే. ఇక్కడ అందరి చూపూ గడియారం స్తంభం మీద ఉంది. నా మీద లేదు.

పక్కన కూర్చున్నమ్మాయి ఒక చిన్న రేకు డబ్బా తెరిచింది. అది ఒకప్పుడు పిప్పరమెంట్ల డబ్బా. అందులో వేలి గోరంత గళ్ళు పెట్టి నీటిరంగులు నింపుకుంది. కుంచె పిడిలోనే నీళ్ళున్నాయి, పిడిని కాస్త నొక్కితే కొసకి నీటిచుక్క దిగుతుంది. ఆ డబ్బా, ఆ కుంచె, అరచెయ్యంత పుస్తకం, ఇంతే సరంజామా. నేను తెల్లకాగితం వైపు చాలాసేపు చూస్తూ కూర్చోవడం గమనించినట్టుంది. తల తిప్పకుండానే, "పెన్సిలైతే చెరుపుతూనే కూర్చుంటారు. పెన్నుతో వేసేయండి," అంది. పెన్ను అందించింది. మళ్ళీ తన పనిలో పడిపోయింది.

వేసేశాను. ముందు ఒక కమాను. కమాను ఎంత సులువనుకుంటాం! రెండు నిలువు గీతలు, పైన ఒక వంపు. తీరా చూస్తే ఆ వంపు గుండ్రంగా లేదు, పైకి వెళ్ళి కొసదేరి ఉంది. దాని అంచు రాళ్ళు ఒక్కొక్కటీ ఒక్కో కోణంలో తిరిగి ఉన్నాయి. రాయి బూడిదరంగు కదా అనుకున్నాను. చూడగా చూడగా అందులో గులాబీ ఛాయ కనిపించింది. నీళ్ళు జారే చోట నలుపు చారలు. నీడ పడ్డ చోట నీలం. పావురాలు వాలే చోట తెలుపు. ఒక వస్తువుని అంతసేపు చూడటం నాకు స్కూలు వదిలాక అదే మొదలు. ఫోను సంచిలో ఎక్కడో అడుగున ఉంది, నాకు దాని ధ్యాసే లేదు. మనసులో ఎప్పుడూ ఒక రొద ఉంటుంది చూడండి, రేపటి స్టాండప్ మీటింగ్, ఈఎంఐ, ఎవరో చూసి కూడా జవాబివ్వని మెసేజ్... ఆ రొద ఆగిందని కూడా నాకు తర్వాతెప్పుడో తెలిసింది.

ఇంతలో జామకాయల బండి ఆవిడ వచ్చి వెనక నిలబడింది. చాలాసేపు చూసింది. "ఏం గీస్తున్నవ్ బిడ్డా? గడియారం గట్ల వంకర వొయిందేంది?" అంది. నిజంగానే వంకర పోయింది. కొత్త కదమ్మా అన్నాను. "మంచిగనే ఉన్నది తియ్. నా బండి గూడ ఎయ్యి," అని వెళ్ళి బండి పక్కన నిటారుగా నిలబడింది, కొంగు సర్దుకుని. వేశాను. జామకాయలు గుండ్రాలైతే నాకొచ్చు. ఆవిడ దాన్ని చూసి పక్క బండివాణ్ణి పిలిచింది, అతను ఇంకొకణ్ణి పిలిచాడు, ఒక ఆటో అతను ఆటో ఆపి మరీ దిగాడు. ఇన్నేళ్ళుగా ఉంటున్న ఈ నగరంలో, దారిన పోయేవాళ్ళు ఆగి, నాకేమీ అమ్మకుండా, ఏమీ ఆశించకుండా నాతో మాట్లాడటం నేనింతకుముందు చూడలేదు. చేతిలో పుస్తకం, సగం గీసిన బొమ్మ ఉంటే చాలు, ఈ ఊరు వచ్చి పలకరిస్తుంది!

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. రెండు గంటలు గీసుకున్నాక అందరూ ఒకచోట చేరారు. తమతమ పుస్తకాలు తెరిచి, ఆ రోజు గీసిన పేజీ పైకి కనపడేలా నేలమీద పెట్టడం మొదలుపెట్టారు. మేడమీద వడియాలు ఎండబెట్టినట్టు వరసగా పరిచేశారు. నా చెయ్యి ముందుకు రాలేదు. పక్కన పెద్దాయన, ఎక్కడో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యారట, నా పుస్తకాన్ని నా చేతుల్లోంచి మెల్లగా తీసుకుని తన పుస్తకం పక్కన పెట్టారు. ఆయన గడియారం స్తంభం రాయి రాయికీ లెక్క సరిపోయేంత నిక్కచ్చిగా ఉంది. నాది పక్కకి ఒరిగి ఉంది. రెండూ పక్కపక్కనే నేలమీద, ఒకే ఎండలో.

ఆ నేలవైపు చూస్తుంటే నాకు నోట మాట రాలేదు. ఒకటే కట్టడం. అందరం ఒకే రెండు గంటలు దాని ముందే కూర్చున్నాం. ఒకరు దాన్ని వదిలేసి పైన కరెంటు తీగలు మాత్రమే గీశారు, తీగల మీద పావురాలతో. ఒకరు ఐస్‌క్రీమ్ దుకాణం బోర్డు గీశారు. ఒకరు తాగేసి పెట్టిన టీ గ్లాసు, దాని అంచున వాలిన ఈగ. ఒక కుర్రాడు మమ్మల్నే గీశాడు, వంగి గీసుకుంటున్న వీపుల వరస. అందులో నా వీపూ ఉంది! నేనక్కడ ఉన్నానని ఎవరో చూశారు, చూసి గీతలో పెట్టారు. గదిలో ఎన్ని నెలలు గడిపితే మాత్రం ఎవరు చూశారు నా వీపుని?

ఎవరూ మార్కులు వెయ్యలేదు. ఏది ఫస్టు, ఏది సెకండు అని లేదు. చిన్నప్పుడు డ్రాయింగ్ పీరియడ్‌ని లెక్కల సారు తీసుకున్న దగ్గర్నుంచి, ఎంసెట్ ర్యాంకుదాకా, ఆఫీసులో ఏటా ఇచ్చే రేటింగ్‌దాకా మనం చేసిన ప్రతిపనికీ ఒక అంకె తగిలించి పెట్టారు. అంకె లేని పని చేసి, దాన్ని పదిమందిలో పెట్టి, వాళ్ళు వంగి శ్రద్ధగా చూస్తుంటే నిలబడటం ఎలా ఉంటుందో మా తరానికి తెలియదు. నాకు తెలియదు అప్పటిదాకా.

తర్వాత ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. అక్కడ మొదలయ్యాయి మాటలు. అవి కూడా ఎలా మొదలయ్యాయో చూడండి. ఆ నీలం ఏ కంపెనీది? ఈ కాగితం నీళ్ళు పోస్తే ఉబ్బదా? నీడ ముందు వెయ్యాలా, తర్వాతా? అలా అలా నడిచి, రెండో కప్పు చాయ్‌కి పాలకొండ వైపునుంచి వచ్చిన ఆ వీపుల కుర్రాడు, ఆ వారమంతా ఆఫీసు కాల్స్ కాకుండా తను మాట్లాడింది అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఒక్కడితోనే అన్నాడు. మామూలుగా అన్నాడు, బిస్కెట్టు ముంచుకుంటూ. పిప్పరమెంట్ల డబ్బా అమ్మాయి నర్సు. ఖమ్మం. అన్నీ నైట్ డ్యూటీలే. లోకం మేలుకున్నప్పుడు తను పడుకుంటుంది, తను లేచేసరికి హాస్టల్లో అందరూ అన్నం తిని తలుపులేసుకుంటారు. డ్యూటీ దిగి నేరుగా ఇక్కడికే వచ్చింది ఆ రోజు. నిద్ర లేకుండా. నిద్ర ఎప్పుడైనా పోవచ్చు, ఇది వారానికొకసారే కదా అంది. మా గదిలో ఇన్నాళ్ళలో ఎవరం ఎవరికీ ఇలాంటి ఒక్క మాట చెప్పుకోలేదు.

అప్పట్నుంచీ నా బుర్రలో ఒకటే తిరుగుతోంది. ఇద్దరు కొత్తవాళ్ళని ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడుకోండి అంటే మాట రాదు. ఆఫీసులో శుక్రవారం సరదా ఆటలు పెడతారు, మీ గురించి ఎవరికీ తెలియని సంగతి ఒకటి చెప్పండి అని. చెప్పే సంగతి గొంతులోనే ఆగిపోతుంది. అదే ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి, ఇద్దరి చూపూ మూడో వస్తువు మీద పెట్టి, చేతులకి పని ఇవ్వండి. మౌనంగా ఉన్నా ఇబ్బంది ఉండదు, ఎందుకంటే పని జరుగుతోంది. మాట్లాడాలనిపిస్తే మాట్లాడొచ్చు, మధ్యలో ఆపెయ్యొచ్చు. వెనకటికి మన ఆడవాళ్ళు చింతపండు గింజ తీస్తూ, విస్తళ్ళు కుడుతూ, పొద్దున్నే వాకిట్లో ముగ్గులేస్తూ చెప్పుకున్న కష్టసుఖాలన్నీ ఇలా పక్క చూపుల్లో చెప్పుకున్నవే కదా. బతుకమ్మ చుట్టూ తిరిగే ఆడపడుచులు ఒకరి మొహం ఒకరు చూసుకోరు, మధ్యనున్న పూలని చూస్తూ అడుగు కలుపుతారు. మనకి తెలిసిన విద్యే ఇది. ఉద్యోగాలకని నగరానికి వచ్చేటప్పుడు సూట్‌కేసులో పెట్టుకోవడం మరిచిపోయాం.

ఈ అర్బన్ స్కెచర్స్ పుట్టుక తెలిశాక నాకు ఇంకా ముచ్చటేసింది. గాబ్రియెల్ కంపనారియో అని స్పెయిన్ దేశపు పాత్రికేయుడు, చిత్రకారుడు. అమెరికాలో సియాటెల్‌కి వచ్చి అక్కడి సియాటెల్ టైమ్స్ పత్రికలో పనిచేశాడు. కొత్త ఊరు. ఆ ఊరిని పరిచయం చేసుకోవడానికి బస్సులో పోతూ, వీధుల్లో ఆగుతూ కనిపించినవన్నీ గీయడం మొదలుపెట్టాడు. 2007లో తనలాంటి వాళ్ళ కోసం ఇంటర్నెట్టులో ఒక చిన్న గుంపు పెట్టాడు, చోటుకి వెళ్ళి, కళ్ళతో చూసి గీసినవి మాత్రమే పంచుకునే గుంపు. 2010లో పోర్ట్‌లాండ్‌లో మొదటిసారి పెద్ద సమావేశంగా కలిశారు. ఇప్పుడు వందల నగరాల్లో ఉన్నారు. వాళ్ళ నియమాలు కూడా ఎంత తేలికో! ఫోటో చూసి వెయ్యకూడదు, అక్కడ కూర్చుని చూసింది వెయ్యాలి. చూసినదానికి నిజాయితీగా ఉండాలి. ఏ పెన్నైనా, ఏ రంగైనా సరే. ఒకరికొకరు తోడుగా, కలిసి గీయాలి. ఊరు కాని ఊరొచ్చిన ఒక మనిషి మొదలుపెట్టినదే ఇదంతా! బెల్‌వ్యూ స్నేహితుడికి అర్ధరాత్రి మెసేజ్ పెట్టింది అందుకే. మన తెలుగు పిల్లలు అంతమంది ఉంటున్న ఆ సియాటెల్ చుట్టుపక్కలే ఇది పుట్టింది. వాడు డిసెంబరు వానల్లో, సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడే ఆ ఊళ్ళో, సొంత వంట ఒక్కడే తింటూ కూర్చుంటాడు.

ఇంకో ఆనందం ఉంది, అది మా ఊరిది. రాజమండ్రిలో గోదావరి దగ్గర దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ ఉంది. సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు పుస్తకం పట్టుకుని అక్కడికి పోయాను. లోపల నిలబడి ఉంటే ఒళ్ళు ఝల్లుమంది. రామారావు 1897లో పుట్టాడు, 1925లో మశూచితో పోయాడు. ఇరవయ్యేడేళ్ళు. ఇరవయ్యేడు! నా చుట్టూ పీజీల్లో ఉన్నవాళ్ళ వయసు. ఆ కాస్త కాలంలో అతను బొంబాయి జె.జె. స్కూలులో చదివి, తిరిగి ఊరికొచ్చి, తను గీసుకుంటూ కూర్చోకుండా చుట్టూ ఉన్నవాళ్ళని పోగేసి రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టాడు. అతనికీ ఒక ప్రోత్సాహం ఉంది. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషాయన, స్వయంగా చిత్రకారుడు, కుర్రాళ్ళని చేరదీశాడు. ఆ చేరదీసినవాళ్ళలో రామారావు ఉన్నాడు, అడివి బాపిరాజు ఉన్నాడు, కవికొండల వెంకటరావు ఉన్నాడు. ఒకరు బొమ్మల్లోకి వెళ్ళారు, ఒకరు నవలల్లోకీ బొమ్మల్లోకీ, ఒకరు కవిత్వంలోకి. రామారావు భార్య సత్యవాణి గీసింది, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ గీసింది. వందేళ్ళ కిందట, ఇంటి ఆడపిల్లలు కుంచె పట్టుకోవడమంటే ఊహించండి! అతను పోయాక స్నేహితుడు వరదా వెంకటరత్నం ఆ బడిని నిలబెట్టాడు. చనిపోయిన స్నేహితుడి కోసం ఒక మనిషి ఆ పని భుజాన వేసుకున్నాడంటే వాళ్ళ మధ్య ఎంత చనువుండేదో, ఎన్ని సాయంత్రాలు పక్కపక్కన కూర్చుని గీసుకున్నారో అనిపించింది నాకు. మనం మాత్రం ఇలాంటివన్నీ విదేశాల నుంచి దిగుమతి అయ్యాయనుకుంటాం.

అవతల కాకినాడలో యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ ఉండేది. నాటకాలాడే కుర్రాళ్ళ సంఘం. ఎస్.వి. రంగారావు అక్కడ ఆడాడు, రేలంగి ఆడాడు, అంజలీదేవి అక్కడినుంచే వచ్చింది. వాళ్ళు పెద్ద నటులయ్యారు కాబట్టి మనకి పేర్లు తెలుసు. నాకు మాత్రం ఆ క్లబ్బులో తెర లాగినవాళ్ళు, మీసాలు అతికించినవాళ్ళు, ఒక్క డైలాగు ఉన్న భటుడి వేషం వేసి ఇంటికి నవ్వుకుంటూ వెళ్ళినవాళ్ళు గుర్తొస్తున్నారు. సాయంత్రమైతే వెళ్ళడానికి వాళ్ళకొక చోటుంది. నువ్వు రాకపోతే రిహార్సల్ ఆగుతుంది అనే మనుషులున్నారు.

ఇదంతా నా ఉత్సాహమేనా, దీనికి ఏమైనా ఆధారముందా అని చదివాను. ఉంది! అమెరికాలో డ్రెక్సెల్ యూనివర్సిటీలో గిరిజా కైమల్ అనే పరిశోధకురాలు 39 మంది పెద్దవాళ్ళకి మట్టి, రంగుపెన్నులు, కాగితాలు ఇచ్చి 45 నిమిషాలు ఇష్టమొచ్చింది చేసుకోమన్నారు. ముందూ వెనకా లాలాజలం తీసి చూస్తే, నూటికి 75 మందికి దగ్గరదగ్గరగా కార్టిసాల్, అంటే ఒత్తిడిలో పెరిగే హార్మోను, తగ్గింది. 2016లో అచ్చయింది. నన్ను ఆకట్టుకున్నదేమిటంటే, చెయ్యి తిరిగినవాళ్ళకీ తిరగనివాళ్ళకీ అందులో తేడా లేదు. వంకర గడియారాలు గీసేవాళ్ళకి ఇంతకంటే మంచి కబురేముంటుంది!

ఇంకొకటి 2015లో ఇంగ్లండులో జరిగింది. ఐలూనెడ్ పియర్స్, జాక్ లౌనే, రాబిన్ డన్‌బార్ అనే ముగ్గురు కొత్తగా మొదలైన వయోజన తరగతుల్ని ఏడు నెలల పాటు గమనించారు. కొన్ని పాట నేర్చుకునే తరగతులు, కొన్ని చేతిపనులవి, ఒకటి రాయడం నేర్పేది. పాటల తరగతి వాళ్ళు మొదటి నెలలోనే ఒకరికొకరు దగ్గరైపోయారు. మిగతావాళ్ళకి టైము పట్టింది. కానీ ఏడు నెలలు తిరిగేసరికి అందరూ అంతే దగ్గరయ్యారు. ఇది చదివి నాకెంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. గొంతు కలిపితే త్వరగా కలుస్తాం, చేతిపని అయితే కాస్త మెల్లగా, కానీ కలవడం కలుస్తాం. వెళ్తూ ఉండాలంతే. అందుకే మొదటిరోజు ఎవరితోనూ మాట కలవలేదని మానేసినవాళ్ళని చూస్తే చెయ్యి పట్టుకుని, ఇంకొక్క నాలుగు వారాలు రమ్మని చెప్పాలనిపిస్తుంది.

గీయడమే అక్కర్లేదు. బంజారాహిల్స్‌లో లమకాన్ ఉంది, 2010లో ఒక పాత ఇంటిని తెరిచి కళలకి ఇచ్చేశారు. చెట్టు కింద చాయ్, సమోసా, అరుగు మీద ఎవరో కవిత చదువుతూ ఉంటారు, ఓపెన్ మైక్ ఉన్న రోజున ఎవరైనా ఎక్కొచ్చు. కోలాటం బృందాలున్నాయి. వీధి చివర గుళ్ళో శనివారం భజన ఉంటుంది, వెళ్ళి తాళం పట్టుకుంటే ఎవరూ కాదనరు. మీకు ఏది చెయ్యాలనుంటే అది. మనుషుల మధ్యకి వెళ్ళి, చేత్తోనో గొంతుతోనో ఏదో ఒకటి కలిసి చెయ్యడమే కావాల్సింది.

నేను గట్టిగా అనుకుంటున్న మాట ఒకటి. దీన్ని దయచేసి రీల్ చెయ్యకండి. గీస్తున్న చెయ్యిని ఇంకో చెయ్యితో వీడియో తీస్తే రెండు చేతులూ పోతాయి. బొమ్మ పూర్తయ్యాక పంచుకోండి, ఎంతమందికైనా చూపించండి. ఆ రెండు గంటలు మాత్రం ఆ రాయికీ పక్కవాళ్ళకీ ఇచ్చెయ్యండి.

ఇంకొకటి, ఇది కూడా చెప్పే తీరాలి. గుండెలో బరువు ఇంతకన్నా ఎక్కువగా ఉండి, బతకాలని లేదు అనిపించే రాత్రులు ఎవరికైనా ఉంటే, స్కెచ్‌బుక్ ఒక్కటే సరిపోదు. 14416కి ఫోన్ చెయ్యండి. టెలి మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టింది, డబ్బు తీసుకోరు, ఏ వేళలోనైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. డాక్టరు దగ్గరికి వెళ్ళండి. తోడు కావాలంటే మాలో ఎవరమైనా వస్తాం.

ఇక తెచ్చుకోవాల్సినవి. వంద రూపాయలు దాటని ఒక పుస్తకం, గీతల్లేనిదైతే మంచిది, ఉన్నా ఫరవాలేదు. ఇంట్లో పడి ఉన్న ఏ పెన్నైనా. రంగులు కొనక్కర్లేదు, పక్కవాళ్ళవి వాడుకోవచ్చు, పిప్పరమెంట్ల డబ్బా ఎప్పుడూ మధ్యలోనే పెట్టి ఉంటుంది. వచ్చే ఆదివారం కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర. లోపలికి టికెట్టు ఉంటుంది, నీళ్ళ సీసా, టోపీ మరిచిపోకండి. గుమ్మటాల నీడ ఎటు పడితే అటు జరుగుతూ కూర్చుంటాం. ఆలస్యమైనా పరవాలేదు, ఎవరినైనా చూసి పక్కన కూర్చోండి. మా రూమ్మేట్‌ని కూడా అడిగాను, అమెరికా షిఫ్టు అతన్ని. ఇయర్‌ఫోను ఒకటి తీసి, నాకు గీయడం రాదు కదా అన్నాడు. రాకపోయినా రమ్మన్నాను. ఎన్నింటికి బయల్దేరాలి అని అడిగాడు!